పసుపు చొక్కా కాలరు

మా ఊరు లా బోకితాలో పోటు మొదలయ్యే వేళకి ఆడవాళ్ళందరూ మడ అడవిలోంచి బయటికొచ్చి, కాళ్ళకంటిన బురద కడుక్కుంటూ పిల్లల్ని పిలుస్తారు. గుల్లల బుట్ట పడవలో పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే చాలు. ఆ పిలుపు నీళ్ళ మీదుగా ఒడ్డుకి నడిచి, సందులన్నీ తిరిగి, పిల్ల ఏ పడవ కింద నక్కినా సరే కాలరు పట్టుకుని లాగుతుంది. "వస్తున్నా" అని గట్టిగా బదులిస్తే వదులుతుంది. ఇవ్వకపోతే నీళ్ళు వెనక్కి తీసేదాకా పక్కనే నిలబడి, పిలిచినవాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళిపోతుంది. అందుకే మా ఊళ్ళో ఏ పిల్ల చొక్కా చూసినా ఎడంవైపు కాలరు సాగి ఉంటుంది. కొన్న వారానికే పాడుచేశారని తల్లులు పిల్లల్ని తిడతారు. సాగదీసేది తామేనని మాత్రం ఒప్పుకోరు.

అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న సులైకి వచ్చే పిలుపు ఎప్పుడూ మూడు రోజుల పాతది. వాళ్ళమ్మ మార్లెనీ కాలీ నగరంలో ఒకరింట్లో వంట చేసేది. సోమవారం సాయంత్రం ఆ వంటింటి కిటికీలోంచి పిలిస్తే, ఆ పిలుపు బస్సెక్కి, రేవులో సరుకుల బోటెక్కి, వానలో తడిసి, గురువారానికి వచ్చేది. ఉల్లిపాయల వేపుడు వాసన వేసేది. సులై ఏటివైపు తిరిగి "వస్తున్నా అమ్మా" అనేది. ఆ బదులు మరో మూడు రోజులకి వెళ్ళి మార్లెనీ గౌను అంచు లాగేది. అంత దూరాన ఉన్న పిల్ల రాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఒక్కరోజూ మానలేదు.

సులైకి ఏడేళ్ళు నిండిన డిసెంబరులో మార్లెనీ పండక్కి వచ్చి, సంచిలోంచి ఫోను తీసింది. ఊళ్ళో టవరు వేసి అప్పటికి ఏడాదైనా కాలేదు.

"ఏడేళ్ళ పిల్లకి సొంత ఫోనేమిటే? దానికింకా ముక్కు తుడుచుకోవడమే రాదు" అంది అమ్మమ్మ ఎనెలియా, కూర అరటికాయ తొక్క తీస్తూ.

"దాని ముందుపన్ను ఊడిన సంగతి నాకెప్పుడు తెలిసిందో తెలుసా? పక్కపన్ను కూడా ఊడాక."

"రోజూ పిలుస్తూనే ఉన్నావుగా."

"పిలుపుకి మొహం ఉండదుగా అమ్మా. నాకు పిల్లని చూడాలని ఉండదా?"

మాటకి ఓడినప్పుడు పంతానికి పోవడం ఎనెలియాకి చిన్నప్పట్నుంచీ ఉన్నదే.

"సరే, ఇచ్చుకో. ఆ డబ్బా దాని చేతిలో ఉన్నంతసేపూ నేను దాంతో మాట్లాడను."

"ఎన్నాళ్ళులే, నాలుగు రోజులు" అని మార్లెనీ నవ్వింది. కూతురి జడ వేస్తూ, "ఇక నోటితో పిలవను తల్లీ, ఇందులోనే రోజూ కనిపిస్తా" అంది.

కనిపించింది కూడా. అబద్ధం చెప్పకూడదు, ఆ ఎనిమిది నెలలూ సులై అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. సాయంత్రం కాగానే మెట్ల మీద కూచుని, కొత్త పన్ను ఎంత మొలిచిందో నోరు తెరిచి చూపించేది. అక్కడ మార్లెనీ గరిటె పట్టుకుని, "ఇంకా కిందకి వంచు, కనపడటం లేదు" అనేది. అమ్మ మళ్ళీ పనిలో పడ్డాక సులై ఆటలు పెట్టుకునేది. మెల్లగా తక్కిన పిల్లలకీ ఫోనులొచ్చాయి. ఏదైనా పిలుపు వచ్చి కాలరు లాగితే, దోమని తోలినట్టు తోలేసి ఆటలో పడిపోయేవాళ్ళు. పక్కింటి తోమాసా పిలుపు రెండుసార్లు ఉత్తచేతులతో ఇంటికి తిరిగొచ్చింది. మూడోసారి తోమాసా పిలవలేదు, ఫోను చేసింది.

ఎనెలియా మాత్రం పంతం వదల్లేదు. పిల్ల ముందు పళ్ళెం పెట్టేది, మాట్లాడేది కాదు. ఫోను కింద పెడితే కథలు చెప్పేది, తల దువ్వేది. మళ్ళీ తీస్తే సగం కథలో నోరు మూసేసేది.

ఆగస్టులో ఒక వారం మార్లెనీ ఫోను రాలేదు. వానలకి సిగ్నల్ పోవడం మా ఊళ్ళో మామూలే, ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజున సులై పసుపు చొక్కా వేసుకుని మెట్ల మీద ఆటలో ఉంది. ఎడమ భుజం దగ్గర ఏదో లాగింది. సులై భుజం ఎగరేసింది. మళ్ళీ లాగింది, ఈసారి గట్టిగా. తోమాసా పిలుపు దారితప్పి ఉంటుందనుకుంది. వాళ్ళమ్మ ఇక నోటితో పిలవనని చెప్పింది కదా. "అబ్బా, నన్ను కాదు, పో" అని విదిలించుకుంది.

అప్పుడే ఎనెలియా గుల్లల బుట్టతో వచ్చింది. పిల్ల కాలరు భుజం కిందకి జారి, తడిసి ఉండటం చూసింది. ఊళ్ళో ఆ రోజు వాన లేదు. ఎవరు పిలిచారే అని అడగబోయింది. పిల్ల చేతిలో ఫోను వెలుగుతోంది. ఎనెలియా నోరు మూసుకుని లోపలికి పోయి పొయ్యి రాజేసింది. ఎనిమిది నెలలు పట్టిన పంతాన్ని ఆ ఒక్క మాటతో పోగొట్టుకోవడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

నీళ్ళు వెనక్కి తీశాయి. పిలుపు వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఐదో రోజు పొద్దున ఫోను మోగింది. తెర మీద మార్లెనీ బొమ్మ చూసి సులై ఎగిరి గంతేసింది. "అమ్మా, రెండో పన్ను కూడా వచ్చేసింది" అంది. అవతల అమ్మ లేదు. వాళ్ళమ్మ పనిచేసే ఇంటి ఆవిడ, "ఇంట్లో పెద్దవాళ్ళున్నారా పాపా?" అంది.

మార్లెనీ వంటింట్లో పడిపోయిందట. పక్కింటివాళ్ళు ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు ఫోను ఆమె గదిలోనే ఉండిపోయింది. ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. నర్సు నంబరు చెప్పమంటే, కూతురి నంబరు ఆమెకి రాదు. నంబరు ఫోనుకి తెలుసు గాని ఆమెకి తెలియదు. అప్పుడు మంచం మీద లేచి కూచుని, వార్డంతా అదిరేలా "సులై, రా తల్లీ" అని పిలిచిందట. ఆ పిలుపే మూడు రోజులకి లా బోకితా చేరింది. మనిషికైతే ఒక్కరోజు దారే; మర్నాటి బోటెక్కి ఉంటే అమ్మమ్మా మనవరాలూ అందుకునేవాళ్ళే, వాళ్ళు చేరాక కూడా మార్లెనీకి ఇంకా రెండు రోజులు మిగిలేవి. ఆరో రోజు దాకా గౌను అంచు చేత్తో పట్టుకుని చూసుకుంటూ ఉంది. ఆ సాయంత్రం తన పిలుపే ఒంటరిగా తిరిగొచ్చి మంచం పక్కన నిలబడింది. "దానికి వినపడలేదేమో" అని నర్సుతో అని, దాన్నే మళ్ళీ పంపింది. మర్నాడు మార్లెనీ పోయింది.

శవపేటిక బోటులో వచ్చింది. ఆడవాళ్ళు రేవు నుంచి చావుపాటలు పాడుకుంటూ తీసుకొచ్చారు. సులైకి తెల్లగౌను తొడిగి పేటిక పక్కన కూచోబెట్టారు. ఎనెలియా కొవ్వొత్తుల కోసం పెరట్లోంచి వెళ్తూ ఆగిపోయింది. తీగ మీద ఆరేసిన పసుపు చొక్కా, గాలి లేకుండానే, కాలరు దగ్గర ఏటివైపు సాగుతోంది. ఎనెలియా దగ్గరికెళ్ళి వాసన చూసింది. ఆసుపత్రి మందుల వాసన, దాని కింద కొంచెం ఉల్లిపాయల వాసన.

ఆ చొక్కా తెచ్చి పిల్ల తెల్లగౌను మీదే తొడిగింది. పిలుపు కాలరు లాగింది. సులై "వస్తున్నా అమ్మా" అంది. వదల్లేదు. మళ్ళీ అంది, అరిచింది, గొంతు పోయేదాకా అంది. బదులు అందుకునే మనిషి లేకపోతే పిలుపు ఆగదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. నీళ్ళు వెనక్కి తీసేదాకా లాగి, అది మళ్ళీ కాలీ దారి పట్టింది.

ఊళ్ళో ఫోను మీద చాలా వాదనలయ్యాయి. చిన్నపిల్లలకి కొనిచ్చి పాడుచేశామని తోమాసా ఏడ్చింది. ఫోనుంటేనే కదా కబురైనా తెలిసిందని ఇంకొకరన్నారు. ఎనెలియా చాలాసేపు విని, "దాన్నేమీ అనకండి. పిల్ల వాళ్ళమ్మ మొహం చూసింది అందులోనే. అడగాల్సిన నోరు నాకుంది, నేను అడగలేదు" అంది.

అప్పట్నుంచి ప్రతి ఆరో రోజూ పిలుపు వస్తుంది. కాలీలో మార్లెనీ దొరక్క తిరిగొచ్చి, పసుపు చొక్కాని వెతుక్కుంటుంది. మొదట పట్టుకున్నది ఆ కాలరే, వేరే చొక్కా దానికి తెలియదు. సులైకి పదేళ్ళప్పుడు, మార్లెనీ పోయాక కాలీ వెళ్ళి స్థిరపడిన పిన్ని వచ్చి, "మీ అమ్మ కోరిక అదే, నాతో వచ్చి చదువుకో" అంది. సులై సంచి సర్దుకుని రేవు దాకా వెళ్ళి, బోటు చూసి, వెనక్కొచ్చింది.

"అది ఇక్కడికొస్తుంది పిన్నీ. నేను లేకపోతే మళ్ళీ ఒంటరిగా పోవాలి" అంది.

ఇప్పుడు సులై మడ అడవిలో అమ్మమ్మతో గుల్లలు తవ్వుతోంది. పసుపు చొక్కా ఎప్పుడో చాలకుండా పోయింది. ఎనెలియా పక్కల్లో కుట్లు విప్పి గుడ్డ అతికింది, చేతులు మార్చింది, వీపు మార్చింది. కాలరు మాత్రం ముట్టుకోలేదు. ఆరో రోజు రాగానే సులై అది తొడుక్కుని, ఏటివైపు ఎడమ భుజం పెట్టి మెట్ల మీద కూచుంటుంది. నీళ్ళు వెనక్కి తీశాక లోపలికొస్తుంది.

"వచ్చిందా?" అని అడుగుతుంది ఎనెలియా. ప్రతిసారీ అడుగుతుంది.

"వచ్చింది అమ్మమ్మా."

"గట్టిగా లాగిందా?"

"కొంచెం నెమ్మదిగా" అంటుంది సులై, చొక్కా విప్పి ఆవిడ ఒళ్ళో పెడుతూ. ఎనెలియా సూదిలో దారం ఎక్కిస్తుంది.