ఆటు వేళ

"సరే, కుక్కరు మర్చిపోయావు. గరిటెలు కూడా మర్చిపోతే ఎలా?" అనే దగ్గరికి వచ్చింది గొడవ. అంతకు ముందు పావుగంట సేపు అది పప్పు డబ్బా మీదా, టీ వడకట్టు మీదా నడిచింది. భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, ఆఫీసులో ఫైళ్ళు తిరగేసినట్టు ఒక్కొక్క సంచీ తెరిచి చూస్తున్నాడు. ఏటా నాలుగు రోజుల సెలవుకు ఈ చేపల రేవుకు వచ్చినప్పుడల్లా ఇదే ఇల్లు అద్దెకు తీసుకునేది వంటిల్లు ఉందనే. బయటి తిండి అతని ఒంటికి సరిపడదు, అత్తగారికి కారం పడదు, కూతురికి నూనె పడదు. అందరి కడుపులూ కుదురుగా ఉండాలంటే ఆమె పొయ్యి దగ్గర ఉండాలి.

"ఈమధ్య నీ ధ్యాస ఎక్కడుంటోందో నాకర్థం కావట్లేదు," అని అతను కూతురిని తీసుకుని రాళ్ళ వైపు వెళ్ళిపోయాడు. వచ్చేసరికి టిఫిను ఉంటుందని అతనికి తెలుసు. గరిటె లేకపోయినా ఉంటుంది.

ఆమె ధ్యాస ఎక్కడుందో ఆమెకు తెలుసు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ, దాని మీద ఆరేసిన వలలు, ఆ పైన చిటికెడు నీలం. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చూసిన సముద్రం అంతే. బళ్ళో సైన్సు చెబుతుంది ఆమె. ఆటుపోట్ల పాఠం ఏటా చెబుతుంది. నల్లబల్ల మీద భూమినీ చంద్రుణ్ణీ గీసి, నీళ్ళు రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వెనక్కి తగ్గుతాయనీ, అమావాస్యకీ పౌర్ణమికీ మరీ దూరం పోతాయనీ, అప్పుడు రాళ్ళ మధ్య మిగిలిన మడుగుల్లో నక్షత్ర చేపలూ పూలలా విచ్చుకునే జీవులూ కనిపిస్తాయనీ చెబుతుంది. "మీరు చూశారా టీచర్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. "ఆ, చూశాను," అంటుంది. ఇక్కడేమో ఆటు ఏ వేళకు వచ్చినా అది ఏదో ఒక వంట వేళ అయి కూర్చునేది. పొద్దున్నయితే టిఫిను, మధ్యాహ్నమయితే భోజనం, సాయంత్రమయితే అత్తగారి టీ, మందులు.

పెరటి తలుపు దగ్గర కత్తిపీట వేసుకుని చేపలు కోసే ఆవిడ కూర్చుంది. ఏటా వీళ్ళు దిగారని తెలియగానే బుట్టతో వస్తుంది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు.

"టీచరమ్మా, అందరూ రాళ్ళ మీదకి పోతారు, మీరొక్కరూ రారేం?" అని అడిగింది, పొలుసు గీకుతూ.

ఆమె ఏదో అనబోయే లోపల వసారాలో కూర్చున్న అత్తగారు అందుకుంది. "దానికి సముద్రం పడదమ్మా. నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మేం మొదటిసారి వచ్చినప్పట్నుంచీ అంతే. అదృష్టవంతురాలు, చూడాలని లేదు దానికి. నాకైతే కాళ్ళు బాగున్నన్నాళ్ళూ మనసు లాగేసేది."

ఆమె చేతిలో ఉల్లిపాయ ఆగింది. ఆ మాట పుట్టించింది ఎవరో కాదు, తనే. మొదటి ఏడు కూతురు పది నెలల పిల్ల, ఒళ్ళు కాలిపోతోంది. పడవ మాట్లాడేశాడు భర్త. "నువ్వు రాకుండా నేనెలా వెళ్ళను?" అని చెప్పులు వేసుకునే అడిగాడు. అతని మొహం చిన్నబోతుందని, "నాకసలు నీళ్ళంటే కళ్ళు తిరుగుతాయి, మీరు వెళ్ళి రండి," అంది. అతను ఎంత తేలిగ్గా నమ్మాడంటే, మరుసటి ఏడు పడవలో ఆమె చోటు అడగనేలేదు. ఆ పై ఏటికి చుట్టాలకందరికీ తెలిసిపోయింది. కూతురు పెద్దదై, "అమ్మకు సముద్రం అంటే భయం" అని బడిలో వ్యాసం కూడా రాసింది. దానికి మంచి మార్కులొచ్చాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టింది కూడా ఆమే. ఎక్కడో ఒకచోట "అది నిజం కాదు" అని ఉంటే సరిపోయేది. ప్రతిసారీ, ఇప్పుడేం చెబుతాంలే, అనుకుంది. ఇంతా చేసి ఆమెను ఎవరూ ఆపలేదు. అదే గుచ్చుకుంటుంది.

"ఈసారి అమావాస్య మంగళవారం కదూ," అంది ఆమె, మెల్లగా. "దూరపు రాళ్ళు తేలతాయా?"

చేపలావిడ తలెత్తి చూసింది. "మీకెలా తెలుసు? తేలతాయి. కానీ ఒకప్పటిలా ఏముందమ్మా? రేవుకి కొత్త గోడ కట్టినకాణ్ణించి ఇసుక కప్పేస్తోంది. మీరు చంటిపిల్లని ఎత్తుకొచ్చిన ఏడు చూడాల్సింది, నక్షత్రాలు చేతికందేవి. ఇప్పుడు ఆ చివర రెండు మూడు మడుగులు మిగిలాయి. వచ్చే ఏటికి అవీ ఉంటాయో లేదో." ఆమె కాళ్ళ వైపు చూసి, "మోకాళ్ళు బాగున్నాయా?" అంది.

"ఎడమది బాగాలేదు."

"నాదీ అంతే. కర్ర తెస్తాను, నిదానంగా పోదాం."

ఆమె చెయ్యి కడుక్కుని, ఫోను తీసి, బడికి సెలవు కోరుతూ నాలుగు వాక్యాలు రాసి పంపింది. కారణం దగ్గర చాలాసేపు ఆగింది. ఒంట్లో బాగాలేదని రాయబోయి, చెరిపేసి, సొంత పని అని రాసింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఎండకు కందిన మొహాలతో తండ్రీకూతుళ్ళు పీతల గురించి చెప్పుకుంటున్నారు. ఎర్రటిదొకటి మడుగులో కదలకుండా కూర్చుందట, పువ్వే అనుకున్నారట, వేలు పెడితే ముడుచుకుపోయిందట. అది పీత కాదు, దాని పేరు ఆమెకు తెలుసు. చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి ఇంట్లో వేడి భోజనం చేయొచ్చని భర్త అంటున్నాడు. ఆమె కూర గిన్నె బల్ల మధ్యలో పెట్టి, చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళతో పాటు కూర్చుని తన కంచంలో వడ్డించుకుంది. మంచినీళ్ళ కోసం చూసిన భర్త, కూజా తనకే దగ్గరగా ఉందని గమనించాడు.

"ఆదివారం మీరు ముగ్గురూ వెళ్ళండి," అంది ఆమె. "నేను ఉండిపోతాను. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. చూసి, బుధవారం వస్తాను."

"అమ్మా, నీకు భయం కదా?" అంది కూతురు.

"లేదమ్మా. ఎప్పుడూ లేదు."

అత్తగారు ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. భర్త నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "ఒక్కదానివే ఎలా? అయినా ఆ మూడు రోజులూ ఇంట్లో వంట..." అన్నాడు.

"మీరు చూసుకోండి," అంది ఆమె, అన్నం కలుపుకుంటూ. "ఈ ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకు చెప్పేశాను. బడికి సెలవు కూడా పెట్టేశాను."