బుడ్డోడి వాటా

ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో ఈ మధ్య నాకు కలిసిపోతోంది. పొయ్యి మీద పాలు పెట్టి, పెట్టలేదనుకుని ఇంకో గిన్నె పెడుతున్నాను. అందుకే గుర్తున్నంతలో ఇది రాసి పెడుతున్నాను. వరస తప్పితే తప్పిందనుకోండి. జరిగినవి మాత్రం జరిగినవే.

మా చెల్లెలు బట్టలు కుట్టేది. వీధిలో అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన గుడ్డముక్కల బుట్ట, గోడకి కొలతల టేపు. నేను పక్కింట్లోనే ఉండేదాన్ని. పొద్దున్న నా పని ముగించుకుని అక్కడికి చేరి, తను కుట్టినవాటికి కాజాలు తీసి గుండీలు కుట్టేదాన్ని. మా మరిది బస్సు డ్రైవరు, మొదటి బస్సుకి వెళ్ళి మూడింటికల్లా ఇంటికొచ్చేవాడు. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల. సన్నగా పొడుగ్గా ఉండేదని సూది అని పిలిచేవాళ్ళం. రెండోవాడు బుడ్డోడు.

బుడ్డోడికి నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో పోయాడు. ఆ తర్వాత మిషను కింద ఉండేవాడు.

బతికున్నప్పుడూ వాడి చోటు అదే. తల్లి కాళ్ళ దగ్గర గుడ్డముక్కలు పరుచుకుని వాటితో మాట్లాడుకుంటూ కూర్చునేవాడు. పోయాక కనిపించేవాడు కాదు గానీ ఉండేవాడు. మా చెల్లెలు కాళ్ళు తీసేసినా తొక్కుడు పలక రెండు మూడు సార్లు ఊగేది. గుర్తులు పెట్టే సుద్దముక్క కింద పడితే, వంగి తీసేలోగా నేల మీద ఒక వంకర గీత ఉండేది. "ఒరేయ్, సుద్ద ఇటివ్వు, పనుంది" అనేది తను. అది దొర్లుకుంటూ వచ్చేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా చెప్పులు కాస్త ఎడంగా విడిచేవాళ్ళు, పిల్లాడి కాళ్ళకి అడ్డం రాకుండా.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. పిల్లలకోసం ఏది వచ్చినా ముందు మిషను పక్కనున్న పొట్టి పీట మీద పెట్టాలి. మా చెల్లెలు బాబిన్ నిండా దారం చుట్టి కుట్టడం మొదలుపెడుతుంది. ఆ దారం అయిపోయేదాకా పీట వంక ఎవరూ చూడకూడదు. అయ్యాక చూస్తే, వాడికి నచ్చినదైతే సగం మాయమై ఉండేది. నచ్చకపోతే పెట్టింది పెట్టినట్టే ఉండేది.

సగమంటే సరిగ్గా సగం. బిస్కెట్టు కత్తితో కోసినట్టు ఉండేది. ఈల చూడ్డానికి ఈలలాగే ఉండేది, ఊదితే సగం మోతే వచ్చేది. బొమ్మల పుస్తకంలో పేజీ విడిచి పేజీ తెల్లబడిపోయేది. ఒకసారి సూదికి ఎర్ర గౌను కుట్టి పీట మీద పెడితే, ఎడమవైపంతా రంగు పోయి బూడిదలా మిగిలింది. ఆ గౌనుతోనే బడికెళ్ళింది. ఇదేమిటే అని ఒక్కరూ అడగలేదు. తమ్ముడి వాటా అని అందరికీ తెలుసు. వీధి మొదట్లో కొట్టాయనైతే బెలూన్ ఇస్తూ "పెద్దది తీసుకోవే సూదీ, ఎలాగూ నీకు దక్కేది సగమేగా" అనేవాడు.

ఏది తాయిలమో ఏది కాదో ఆ ఇంట్లో అలా తేలేది. వాడు ముట్టుకుంటే తాయిలం, చెరిసగం. ముట్టుకోకపోతే కాదు. అది మళ్ళీ గడప దాటి బయటికి పోవాల్సిందే. "వాడికి అక్కర్లేనిది నీకెందుకే" అనేది మా చెల్లెలు, దారం కొరుకుతూ, తల కూడా ఎత్తకుండా.

మా మరిది ఒకసారి రంగు పెన్సిళ్ళు తెచ్చాడు. అవి పీట మీద అలాగే మిగిలాయి. "దానికి తొమ్మిదేళ్ళు, వాడికి నాలుగు. దాని సరదాలు దానికుండవా?" అన్నాడు. ఆ మాటకి మా చెల్లెలు మూడు రోజులు మిషను ముట్టుకోలేదు. ఆ మూడు రోజులూ మిషను కింద నుంచి చిన్నగా, గోళ్ళతో చెక్క గీకుతున్న చప్పుడు వచ్చేది. నాలుగోరోజు మా మరిది పెన్సిళ్ళు కొట్లో తిరిగి ఇచ్చేసి వచ్చాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఏళ్ళు గడుస్తున్నకొద్దీ ఇంట్లోకి వచ్చేవన్నీ నాలుగేళ్ళవాడి వస్తువులే అయ్యాయి. గిలకలు, బుడగలు ఊదే గొట్టాలు, చక్రాల గుర్రం. రెండే చక్రాలు మిగిలిన ఆ గుర్రాన్ని పదకొండేళ్ళ పిల్ల తాడు కట్టి లాక్కుంటూ ఉంటే నవ్వొచ్చేది. తర్వాత రాత్రి పడుకున్నాక నవ్వినందుకు బాధేసేది.

ఆ ఏడు బడిలో లెక్కల టీచరు పిల్లల్ని సముద్రం చూపించడానికి తీసుకెళ్తానంది. రైల్లో వెళ్ళడం, రెండు రోజులు అక్కడ ఉండడం. ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మని తలా ఒక కాగితం ఇచ్చింది. సూది ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చింది.

"సముద్రానికి అవతలి ఒడ్డు కనిపించదట పెద్దమ్మా."

"కనిపించదు మరి."

"అయితే సగం చెయ్యాలన్నా ఎక్కడ కొయ్యాలో తెలీదు కదా!"

దాని మొహం వెలిగిపోతోంది. నాకే ఎందుకో భయమేసింది.

కాగితం చూసి మా చెల్లెలు అనాల్సిన మాటే అంది. "పీట మీద పెట్టు."

బాబిన్ నిండా తెల్లదారం చుట్టి, దుప్పటి అంచు కుట్టడం మొదలుపెట్టింది. సూది నా పక్కన చేరి గుండీల డబ్బాలో వేళ్ళు తిప్పుతూ గుసగుసలాడింది. "సగం తీసుకుంటే ఏమవుతుంది పెద్దమ్మా? వెళ్ళే రైలుండి, వచ్చే రైలు లేకుండా పోతుందా?"

"పోనీలే, అక్కడే ఉండిపోదువుగాని" అన్నాను తమాషాకి.

అది నవ్వలేదు. కాసేపు ఆలోచించి "ఉండిపోతాను" అంది.

దారం అయిపోయింది. కాగితం పూర్తిగా ఉంది. ఒక్క అక్షరం పోలేదు. మా చెల్లెలు గుండె మీంచి ఏదో దించినట్టు ఊపిరి వదిలింది.

"చూశావా? వాడికి అక్కర్లేదు. తాయిలం కాదది. రేపు తిరిగిచ్చెయ్."

"తాయిలం కాకపోతే మరీ మంచిదమ్మా."

"అంటే?"

"జ్వరమొస్తే చేదుమందు పోస్తావు. అది తాయిలమా? వాడు సగం తాగాడా? మొత్తం నాకే పోశావు. ఎక్కాలు తాయిలమా? మొత్తం నేనే చదివాను. ఇదీ అలాంటిదే అనుకో. తాయిలం కాదు కాబట్టే మొత్తం నేనే వెళ్ళాలి."

మంచం మీద కునుకు తీస్తున్న మా మరిది పక్కకి తిరిగాడు. నవ్వు ఆపుకుంటున్నాడని భుజాలే చెప్పాయి.

"నోరు బాగా లేస్తోందే నీకు" అంది మా చెల్లెలు. "వాదనలు తర్వాత. ముందు ఆ కాగితం తియ్ అక్కణ్ణుంచి."

మర్నాడు సూది నన్ను కన్నుగీటి పిలిచి చూపించింది. కాగితం మీద చిటికెడు పంచదార చల్లి మళ్ళీ పీట మీద పెట్టింది. బాబిన్ అయ్యాక చూస్తే గీత గీసినట్టు సగం పంచదార లేదు. కాగితం చెక్కుచెదరలేదు. "వాడినే మోసం చేద్దామనుకున్నావూ!" అని మా చెల్లెలు నవ్వింది. బుడ్డోడు పోయాక తను నవ్వగా వినడం అదే మొదటిసారి. మిషను కింద నుంచి కూడా అలాంటి నవ్వే వినిపించింది. ఇద్దరూ కలిసి నవ్వుతుంటే సూది గుమ్మం దగ్గర ఒక్కతే నిలబడింది. ఆ నిలబడడం నేను మర్చిపోలేదు.

కాగితం ఇవ్వాల్సిన ఆఖరి రోజు శనివారం. మధ్యాహ్నానికే బడి వదిలేశారు. సాయంత్రంలోగా టీచరు ఇంటికి పంపాలి. మా చెల్లెలు ఎవరివో పరదాలు కుడుతోంది. పొడుగు కుట్లు, తల ఎత్తే పని కాదు. నేను కళ్ళజోడు సర్దుకుని గుండీలు కుట్టే సూదిలో దారం ఎక్కిస్తున్నాను. పిల్ల ఎప్పుడొచ్చిందో మా ఇద్దరికీ తెలీదు.

బాబిన్ ఖాళీ అయింది. మార్చడానికి వంగిన మా చెల్లెలు అలాగే ఉండిపోయింది.

పీట మీద సూది కూర్చుని ఉంది. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని.

"ఎప్పట్నుంచి కూర్చున్నావే?" అంది.

"నువ్వు బాబిన్ వేసినప్పట్నుంచి."

"ఎందుకే తల్లీ?"

"సగం వాడు తీసుకుంటే అది నీ దగ్గరే ఉంటుంది కదమ్మా. మిగతా సగం వెళ్ళొస్తుంది."

మా చెల్లెలు ఒక్క ఊపున దాన్ని లాగి ఒళ్ళంతా తడిమింది. వేళ్ళు లెక్కపెట్టింది, పది. చెవులు రెండు. జడలు రెండు. మోకాలి మీద పాత మచ్చ మచ్చంతా ఉంది. "మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడవే" అంది. "ఏం మాట్లాడను?" అంది పిల్ల. గొంతు గొంతంతా ఉంది. గోడ మీద నీడ చూసింది. నీడ నీడంతా ఉంది.

"వదిలేశాడు" అంది మా చెల్లెలు. "వదిలేశాడక్కా, దీన్ని ముట్టుకోలేదు!"

అప్పుడు ఏడ్చింది సూది. అంతసేపూ లేని ఏడుపు.

"అయితే నేను కూడా వాడికి అక్కర్లేదా అమ్మా? వాడికి అక్కర్లేనివి నువ్వు ఇంట్లో ఉంచవు కదా!"

ఆ మాటకి గదిలో ఎవరం కదల్లేదు. మిషను కింద కూడా ఏమీ కదల్లేదు. మా చెల్లెలు పిల్ల మొహంలోకి అలా చూస్తూనే ఉంది. అయిదేళ్ళలో మొదటిసారి దాన్ని చూస్తున్నట్టు, ఇంత పొడుగెప్పుడయిందా అన్నట్టు. ఆ తర్వాత లేచి, బాబిన్‌కి దారం చుట్టింది. నిండా, పొర్లిపోయేంత చుట్టింది. మిషనులో పెట్టి, పరదా గుడ్డ మిషను సూది కింద సర్ది, పిల్లని తన కుర్చీలో కూర్చోబెట్టింది.

తను వెళ్ళి పీట మీద కూర్చుంది.

"ఏంటే ఈ పని!" అని లేవబోయాను.

"నువ్వు కూర్చో అక్కా. ఇన్నేళ్ళుగా ఈ పీట మీద ఏవేవో పెట్టాను. పెట్టాల్సింది పెట్టలేదు." మిషను కిందికి వంగి, మామూలుగా వాడికి చెప్పే గొంతుతోనే చెప్పింది. "ఒరేయ్ నాన్నా, మొత్తం కాదు. సగమే. మిగతాది మీ అక్కది. సరేనా?" తర్వాత కూతురి వైపు తిరిగింది. "తొక్కు."

సూది తొక్కింది. కన్నీళ్ళలో కుట్టు వంకరపోతోంది. వంకరపోయినా తొక్కింది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. చక్రం తిరిగే చప్పుడు, పిల్ల ముక్కు ఎగపీల్చే చప్పుడు. అంత పొడుగు దారం నా జన్మలో చూడలేదు. చివరికి మిషను సూది ఖాళీగా పడుతున్న టకటక వినిపించింది.

తిరిగి చూశాను. మా చెల్లెలు పీట మీదే ఉంది. మనిషి మనిషిలాగే ఉంది. కుడికంట్లోంచి మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎడమకన్ను పొడిగా, ప్రశాంతంగా, పసిపిల్లాణ్ణి నిద్రపుచ్చుతున్నట్టు ఉంది. ఎడమచెయ్యి పట్టుకుంటే కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. కుడిచెయ్యి కాలిపోతోంది. మిషను కింద నుంచి కడుపు నిండిన పిల్లాడి ఊపిరి వినిపించింది.

"కాగితం తేవే" అంది.

కుడిచేత్తో సంతకం పెట్టింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా మరిది ఆ కాగితం పట్టుకుని, విడిచిన చెప్పులు కూడా వేసుకోకుండా టీచరు ఇంటికి పరిగెత్తాడు.

సూది సముద్రం చూసొచ్చింది. ఎంత ఉందే అంటే "మొత్తం ఉంది" అంది. ఆ తర్వాత ఆ పీట మీద పెట్టింది ఏదీ సగం కాలేదు. కొన్నాళ్ళకి పెట్టడమూ మానేశారు. సూదికి కుట్టిన నీలం గౌను అన్నివైపులా నీలంగానే ఉండిపోయింది. ఇప్పుడు ఆ పిల్ల సముద్రం లోతు కొలిచే ఓడలో పని చేస్తోంది. ఇంటికొచ్చినప్పుడల్లా వాళ్ళమ్మకి కుడివైపునే కూర్చుంటుంది, ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని. ఎడమవైపు నుంచి ఎవరు పిలిచినా మా చెల్లెలికి వినపడదు. ఆ చెవిలో వాడి మాటలే.

ఇంతవరకూ రాశాను. చెల్లీ, రేపు నీ కుడిపక్కన కూర్చుని ఇది మొత్తం చదివి వినిపిస్తాను. పిల్లని సూది అనే పిలిచేవాళ్ళం, అది నాకు బాగా గుర్తు. పిల్లాడినే బుడ్డోడు అనేవాళ్ళమో, బుజ్జోడు అనేవాళ్ళమో రాస్తున్నంతసేపూ తేలలేదు. తప్పయితే దిద్దు. నీకూ గుర్తు లేకపోతే, ఆ రెండో చెవితో వాణ్ణే అడిగి చెప్పవే.