ఇంకా తిట్టండి

ఇంట్లో ఒకరి కష్టం తీర్చే వస్తువు చేసి ఇమ్మన్నారు, కోడలు వెళ్ళే డిజైన్ క్లాసులో మాస్టారు. కోడలు అత్తగారికి అట్టతో మాత్రల డబ్బా చేసింది, వారంలో రోజుకో రంగు చొప్పున ఏడు మూతలు పెట్టి. "బంగారంలా ఉందే!" అంది అత్తగారు. కోడలు పొంగిపోయి ఆ మాట మాస్టారికి చెప్పింది.

"పొగిడారా? అయితే వాడలేదన్నమాట. వాడితే తిడతారు," అన్నాడాయన.

కోడలికి ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి చూస్తే డబ్బా నిజంగానే షోకేసులో ఉంది. తీసి అత్తగారి చేతిలో పెట్టి, "నా ముందే మాత్ర వేసుకోండి," అంది.

వణికే వేళ్ళు మూత చుట్టూ తడుముకున్నాయి. రెండు మాత్రలు మంచం కిందికి దొర్లాయి.

"ఏం డబ్బానే ఇది, నా ప్రాణం తీయడానికా! ఈ రంగులు నాకు కనపడి ఏడిస్తేగా!"

మాస్టారికి మనసులోనే దండం పెట్టుకుని, కోడలు పెన్సిల్ తీసింది.

"ఇంకా తిట్టండి అత్తయ్యా, రాసుకుంటున్నాను."