వాల్వులు పీకినా తగ్గని వేడి

యాంప్లిఫయర్‌ను బల్ల మీద, ముఖం గోడవైపు తిప్పి బోర్లా పడుకోబెట్టి, రిపేరక్క ముందుగా ముక్కు పెట్టి వాసన చూసింది. కాలిన వార్నిష్ కంపు. నిప్పు లేనిదే పొగ రాదంటారు సరే, ఆ నిప్పు ఎక్కడుందో కూడా చెబితే ఆవిడ బతుకు సుఖంగా ఉండేది.

వీధిలో అందరికీ ఆవిడ రిపేరక్కే. పాత రేడియోలు, నోరు పడిపోయిన స్పీకర్లు ఆ దుకాణానికి వచ్చి మాట్లాడుకుంటూ వెళ్తాయి. ఈ పెట్టె మాత్రం సొంత అన్నయ్యది. పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడుస్తుంది, వయసులో ఆమె కన్నా పెద్దది. అన్నయ్య ఒక పాటల బృందంలో గిటారు వాయిస్తాడు. పోయిన కచేరీలో పాట మధ్యలో కాలిన వాసన కొట్టి ముందు వరుసవాళ్ళు లేచి నిలబడ్డారట. శనివారం కచేరీలో కూడా అలాగే అయితే ఇంకో గిటారువాణ్ణి చూసుకుంటానని బృందం పెద్ద మొహం మీదే చెప్పేశాడు. వాయించడం తప్ప మరో పని తెలియని మనిషికి ఆ మాటతో అన్నం సహించడం మానేసింది.

శనివారానికి ఇంకో యాంప్లిఫయర్ అద్దెకు తెచ్చుకోరాదా అని చెల్లెలు అడిగింది. ఇదైతేనే వాయిస్తానన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదన దేనికని ఆమె స్క్రూలు విప్పింది.

వేడెక్కుతున్నది కరెంటు అందుకునే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. ఇలాంటివాటికి ఆమెకొక పద్ధతి ఉంది. వాల్వులన్నీ పీకేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మోయాల్సిన బరువంటూ ఉండదు. అప్పుడూ వేడెక్కిందంటే లోపలి రాగి చుట్లే కాలి ఒకదానికొకటి అంటుకున్నాయని లెక్క. ఆమె వాల్వులు పీకి గుడ్డ మీద పరిచి, పెట్టెను సిరీస్ బోర్డుకు తగిలించింది. పెట్టెకు పోయే కరెంటంతా ఆ బోర్డు మీది బల్బు గుండానే పోవాలి. ఎంత తాగితే బల్బు అంత వెలుగుతుంది.

టీ తాగి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి వేసింది. వేడి పెరుగుతూనే ఉంది. ఇంకేముంది, చుట్లు పోయాయి, కొత్తగా చుట్టించాలి, శనివారానికి కాదు అని చెప్పేసింది. అన్నయ్య స్టూలు మీద కూర్చుండిపోయాడు.

అయినా ఏదో పొసగలేదు. చుట్లు అంటుకుంటే బోర్డు మీది బల్బు భగ్గున వెలగాలి. ఇది సగం వెలుగుతో సాధువులా కూర్చుంది. చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంత మర్యాద ఎక్కడిది? ఆమె ఇంకో స్టూలు దగ్గరికి లాక్కుని, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగల టంకం ఒక్కొక్క జతా కరిగించి విడదీయడం మొదలుపెట్టింది. మొదటి జత తీసింది, బల్బు వెలుగు మారలేదు. వాల్వులను వెచ్చబెట్టే జత తీసింది. బల్బు చప్పున ఆరిపోయింది.

వాల్వులు గుడ్డ మీద పడుకుని ఉంటే వాటి కరెంటు ఎవరు తాగుతున్నట్టు?

తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఆ జతను వెంబడిస్తూ పోతే వాల్వుల గూళ్ళు దాటి, తుప్పు పట్టిన రేకులో తళతళలాడే కొత్త బెజ్జం ఒకటి కనబడింది. తీగ అందులోంచి ముందువైపుకు పోయింది. ఆమె పెట్టెను తన వైపు తిప్పింది. నాబ్‌ల పైన, రేకు అంచు కింద, పాత స్కూటర్ల వెనక దీపాల బల్బులు బారులు తీరి ఉన్నాయి. పట్టపగలు రోగి ముఖం చూడకుండా రోగం చెప్పిన తన తెలివికి ఆమెకే నవ్వొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంలా ఉంది. పాపం, ఊరందరి బరువూ దాని నెత్తినే పెట్టారు.

నవ్వు అయ్యాక కోపం వచ్చింది. ఒక్క అతుకూ తిన్నగా లేదు. టంకం గడ్డలు గడ్డలుగా, తుమ్మితే ఊడే ముక్కులా వేలాడుతోంది. ఈ పని చేసినవాడు ఎవడో గాని వాడి చేతికి టంకం ఇచ్చినవాణ్ణి అనాలని, గుడ్డివాడు కూడా ఇంతకన్నా నయంగా అతుకుతాడని తిట్టిపోసింది. ఆమెకు చిన్నప్పుడు టంకం పెట్టడం నేర్పింది అన్నయ్యే. ఆయన అతుకు పెడితే ముత్యంలా ఉండేది.

అన్నయ్య అంతా విన్నాడు.

"ఎవడో కాదే, నేనే."

"నువ్వా? ఇంత అధ్వాన్నంగానా?"

"కనిపిస్తేగా."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆమె చేతిలోని టంకం కడ్డీని స్టాండు మీద పెట్టేసింది. ఆయన నేల చూస్తూ, ఒక్కొక్కటే చెప్పాడు. స్టేజీ చీకట్లో నాబ్‌ల మీది అంకెలు మసకబారి ఏడాది దాటింది. ఒక్కో బల్బే పెంచుకుంటూ పోయాడు. వేరే యాంప్లిఫయర్ మీద ఏ నాబ్ ఎక్కడుందో వెతుక్కోవాలి. వెతుక్కోవడం బృందం కంటబడితే పొగ రాకపోయినా పని పోతుంది. వదినకు కూడా చెప్పలేదు.

కరెంటు పెద్దగా తాగని బుల్లి దీపాలు వేరే బ్యాటరీతో పెట్టొచ్చని, సాయంత్రానికి అయిపోతుందని ఆమె చెప్పింది. అన్నయ్య మొహం విప్పారింది.

"పెడతాను. ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి పద. అప్పటిదాకా పెట్టె ఇక్కడే ఉంటుంది."

"శనివారం అయ్యాక పోదాంలే."

"ఇప్పుడే."

ఆయన ఒక నాబ్‌ను అటూ ఇటూ తిప్పాడు. "కళ్ళు పూర్తిగా పోతాయని చెబితే?"

ఆమె వాల్వుల మీద గుడ్డ కొస కప్పింది.

"చుట్లు కాలిపోయాయని నేనూ ఇందాక చెప్పేశాగా అన్నయ్యా, విప్పి చూడకుండా. పోతాయన్నా సరే, నాబ్‌లకు గాట్లు పెడతాను, వేళ్ళతో చూసుకుందువుగాని. అసలు ఏమైందో తెలియాలిగా."

ఆమె షట్టరు సగం దించి బయట నిలబడింది. అన్నయ్య వంగి బయటికి వచ్చి, మెట్టు దగ్గర ఆగి, చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గాలిలో కాస్త తడుముకుని ఆమె భుజం మీద ఆనింది.