మెలిపెట్టిన తీగలు

కొత్తపేట కాలవగట్టున, ఇంటి ఎదుట కొండయ్య టీ పొయ్యి అంటుకునే వేళకి నూకరాజు పందిళ్ళకి అద్దెకిచ్చే మైకు డబ్బాని బల్ల మీద బోర్లా తిప్పి, అడుగు రేకు విప్పి, మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతూ ఉంటాడు. రోజూ ఉన్నదే. పైనుంచి చూస్తే అదొక ఆకుపచ్చ రంగేసిన ఇనప డబ్బా, నెత్తి మీద నాలుగు గాజు వాల్వులు, అంతే. దాని సొగసంతా కిందుంది. కంపెనీ సెట్లలోలాగ తీగలకి బదులు అచ్చేసిన అట్టముక్క ఏదీ ఉండదు. ప్రతి తీగా ఒక కొన నుంచి ఇంకో కొనకి సూటిగా వెళ్తుంది, తిరగాల్సిన చోట మూలమట్టం పెట్టి గీసినట్టు తిరుగుతుంది. ఎర్రవి ఒక వరస, నల్లవి ఒక వరస. ఒకదాని మీంచి ఒకటి దాటిన తీగ వెతికినా దొరకదు.

వాల్వుల్ని వెలిగించే తీగలు రెండు మాత్రం విడివిడిగా పోవు. వాటిని జడలా బిగించి మెలిపెట్టి, రేకు మూల వెంబడే తీసుకెళ్ళేడు. అది తండ్రి నేర్పిన పాఠం. “ఈ రెండింట్లో కరెంటు ఒకదానికొకటి ఎదురు పోతాదర్రా. ఎడంగా పెట్టేరా, రెండూ గుయ్యిమంటాయి. ఒరుసుకునేలా మెలిపెట్టేరా, దాని గోల ఇది మింగుద్ది, దీని గోల అది మింగుద్ది” అనేవాడు ఆయన.

ఆ పాఠం బల్లకి ఆ పక్కా ఈ పక్కా కూర్చుని ఇద్దరు విన్నారు. నూకరాజు, అతని అక్క పోలమ్మ. మెలి బిగువులో పోలమ్మదే పైచెయ్యి అని తండ్రి పదిమందిలో అనేవాడు. ఆ మాట నూకరాజుకి ఇప్పటికీ గొంతులో ముల్లే.

ఆ ఇంటివాళ్ళకి కోపం వస్తే ఒళ్ళు మోగుతుంది. కొన్నిళ్ళలో పిల్లికళ్ళు వస్తాయి, కొన్నిళ్ళలో బట్టతల వస్తుంది, వీళ్ళింట్లో మోత వచ్చింది. పడవ నడిపే తాతకి కోపమొస్తే గోదాట్లో చేపలు పడవకింద నుంచి తప్పుకునేవట. ఒళ్ళంతా సన్నగా, ఎడతెగకుండా గుయ్యిమంటుంది. మనిషి ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. దగ్గర్లో ఏ సెట్టు ఉన్నా అందులోకి దూరి, వందింతలై బయటికొస్తుంది.

అక్కాతమ్ముళ్ళకి పగ ఎక్కడ పుట్టిందో వీధంతటికీ తెలుసు. పోలమ్మ కువైట్లో వంటపని చేస్తున్న కాలంలో తండ్రి పోయేడు. ఆమెకి కబురు చేరేసరికి బూడిద కూడా గోదాట్లో కలిసిపోయింది. ఆఖరి చూపుకి లేకుండా చేసేడని ఆమె పగ. తండ్రి మంచాన పడ్డప్పుడు రమ్మని కబుర్ల మీద కబుర్లంపితే, మనిషి రాకుండా దుప్పటి పంపిందని ఇతని పగ. ఆమె తిరిగొచ్చి ఇంటికి నట్టనడుమ గోడ కట్టించింది. అప్పట్నుంచి ఒకరితో ఒకరికి మాటల్లేవు. పోలమ్మ తన కోడిపెట్టతో మాట్లాడుతుంది. నూకరాజు చేతిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో మాట్లాడతాడు. గోడ కురచది గనక ఎవరి మాట ఎవరికి చేరాలో వాళ్ళకి చేరుతుంది.

గోడకి అటొక మోత, ఇటొక మోత. కొండయ్య గ్లాసుల్లో టీ పొద్దస్తమానం వణుకుతూనే ఉండేది. ఓసారి కరెంటాఫీసు లైన్‌మన్ స్తంభమెక్కి చూసి దిగి, “ఇది మా లైను కాదండి, ఇంటిగొడవ” అని, టీ తాగి వెళ్ళిపోయేడు.

వినాయక చవితి ముందు సుబ్బరాజుగారు వచ్చేరు. ఐనవిల్లి దగ్గర ఒక పేటలో పందిరి కమిటీకి ఆయనే పెద్ద. నూకరాజుకి మిగిలిన బేరం ఆ ఒక్కటే. తక్కిన ఊళ్ళన్నీ ట్రాన్సిస్టర్ సెట్లకి మళ్ళిపోయేయి.

“ఏమయ్యా, నీ సెట్టు పాట కన్నా ముందు అదే పాడతాదేంటయ్యా?”

“ఆయ్. తీగలన్నీ మళ్ళీ చూసేనండి. ఒక్క తప్పు లేదండి.”

“తప్పు తీగల్లో ఉంటే బాగుణ్ణు, ఒంట్లో ఉంది. ఈసారి హరికథ పెట్టేం. దాసుగారి గొంతు పెద్దతనానికి దారంలా అయిపోయింది. గుయ్యిమందా, అక్కడికక్కడే దింపించేస్తాను. మండపేట సెట్టు ఆటోలో పెట్టించి పందిరి పక్కనే నిలబెడతాను.”

“అలాగేనండి.”

“ఆనక నువ్వు కువైట్ పోతావో ఏ గంగలో దూకుతావో నీ ఇష్టం.”

కువైట్ మాట ఊరికే అన్నది కాదు. నూకరాజు పాస్‌పోర్టు రాజోలు ఏజెంటు అమ్మిరాజు దగ్గర ఉంది. ఈ బేరం కూడా పోతే, జుట్టు నెరిసే వయసులో, టంకం పట్టిన చేత్తో ఎడారిలో గొర్రెలు కాయాలి.

సుబ్బరాజుగారు గట్టు దిగేరో లేదో గోడవతల గొంతు లేచింది. “విన్నావంటే కోడీ? తీగలు తిన్నగా పెట్టడం తెలిసినోడికి బుద్ధి తిన్నగా పెట్టుకోడం తెలీలేదు. ఆ గుయ్యి వాడిదే.”

“చూసేవా ఐరనూ” అన్నాడు నూకరాజు, “కందిరీగల తుట్టొకటి గోడవతల చేరి నన్నంటోంది! దాని ఏడుపే టంకంలో కలిసి ఊరూరా నా వెనకాల వస్తోంది.”

“నాదా! కోడీ, పందిరికి నేనూ పోతాను. ఆ డబ్బా పక్కన నిలబడి, మోత ఎవడిదో నలుగురికీ చూపిస్తాను. వాడు ఎడారికి పోయేక ఈ గోడ పడగొట్టించి ఆ ఇటికలతో నీకు గూడు కట్టిస్తాను.”

చవితి పందిట్లో దీపాలు పెట్టే వేళకి నూకరాజు బాకా హారన్లు కొబ్బరిచెట్లకి కట్టించి, స్తంభం పక్కన బల్ల మీద డబ్బా పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. హారన్లు గుయ్యిమన్నాయి. వేదిక మీద దాసుగారు చిడతలు పట్టుకుని నోరు తెరిచేరు. మాట వినపడలేదు.

“ఆటో ఇటు రమ్మనండ్రా!” అని సుబ్బరాజుగారు కేకేసేరు.

ఆడవాళ్ళ వరసలోంచి పోలమ్మ లేచొచ్చింది. వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని తమ్ముడికి ఎదురుగా నిలబడింది. మోత రెండింతలైంది. వినాయకుడి నెత్తి మీద కట్టిన పాలవెల్లిలో వెలక్కాయలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. పిల్లలు చెవులు మూసుకున్నారు.

“అదిగో” అన్నాడు నూకరాజు లేచి. గోడ కట్టిన తర్వాత ఆమె మొహం మీద అన్న మొదటి మాట అదే. “ఎవరిదో తెలిసిందా? నువ్వొచ్చేక రెట్టింపైంది.”

“నన్ను చూసేక నీకు రెట్టింపైంది! నాన్న మొహం చూడనివ్వని పాపం అది. మోగదా మరి?”

“రమ్మంటే వచ్చేవా? దుప్పటి కాళ్ళు పట్టి, నోట్లో నీళ్ళు పోస్తాదా?”

“అప్పుడు నా పాస్‌పోర్టు కువైట్ సేటు బీరువాలో ఉందిరా! రెక్కలు కట్టుకు రమ్మంటావా? ఛీ, నీ మొహం చూడను!”

పోలమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. వెళ్ళిపోదామంటే ఆటోతో పాటు జనం అడ్డంగా కమ్ముకున్నారు. స్తంభానికీ బల్లకీ మధ్య ఉన్నది ఆ స్టూలొక్కటే. దాని మీద అటు తిరిగి కూలబడింది. ‘నా స్టూలు నేనెందుకు వదులుతాను’ అని నూకరాజు ఇటు తిరిగి కూలబడ్డాడు. వీపూ వీపూ ఆనుకున్నాయి.

మోత ఆగిపోయింది.

దీపం ఆర్పినట్టు ఆగింది. కొబ్బరాకుల చప్పుడు వినపడింది. హారన్లలోంచి దాసుగారు ఊపిరి పీల్చుకోవడం వినపడింది. ఆయన కాలిగజ్జెల్లో ఒక్క గజ్జె కదిలితే, అదీ వినపడింది. సుబ్బరాజుగారు చెయ్యెత్తి ఆటోని నిలబెట్టేసేరు.

పోలమ్మ లేవబోయింది. గుయ్యిమంది.

“కదలకు” అన్నాడు నూకరాజు పళ్ళ బిగువున.

“నువ్వు కదలకు ముందు. ఇది ఏమైందో తెలుసా నీకు?”

“తెలుసు. మెలి పాఠం ఇద్దరికీ నాన్నే నేర్పేడు.”

దాసుగారు కథ ఎత్తుకున్నారు. నడిచి నడిచి, అడవిలో ఉన్న కొడుక్కి తండ్రి పోయిన కబురు చేరే ఘట్టానికి వచ్చేరు. దారంలాంటి ఆ గొంతు మొట్టమొదటిసారి పేట చివరిదాకా పాకింది. పోలమ్మ వీపు మెత్తబడటం నూకరాజుకి తెలిసింది. ఆమె కొంగు కళ్ళ దగ్గరికి పోయింది. ఆమె మోత తగ్గిపోతే తనది ఒంటరిగా మిగిలి బయటపడుతుంది. అప్పుడే హారన్లు సన్నగా మూలుగుతున్నాయి. సుబ్బరాజుగారు తల తిప్పేరు.

నూకరాజు తల కాస్త వెనక్కి వంచేడు. “నీ దుప్పటి వీధికుక్కకి పరిచేను” అని గుసగుసగా అన్నాడు.

“కుక్కకా!” పోలమ్మ వెన్ను కర్రలా బిగిసింది. మూలుగు మాయమైంది.

అది అబద్ధం. తండ్రి ఆ దుప్పటి ఆఖరి రోజుదాకా ఒంటి మీంచి తియ్యనివ్వలేదు. ఉతుకుదామన్నా మొండి చేసేవాడు. అది గుర్తొచ్చేసరికి నూకరాజు వీపే వదులైంది. ఈసారి పోలమ్మ మోత హారన్లలోకి జారింది. ఆమె మోచేత్తో అతని పక్కలో ఒక్క పోటు పొడిచి, “వదులు మెలి పెట్టేవాడా” అంది. అంతే, నూకరాజు ఒళ్ళు భగ్గుమంది. పందిరి మళ్ళీ నిశ్శబ్దమైంది.

అలా మంగళం పాడేదాకా ఒకరి కోపం ఆరకుండా ఇంకొకరు ఎగదోసుకుంటూ కూర్చున్నారు.

చవితి నిమజ్జనం కాకముందే జొన్నాడ దాకా పాకింది ఆ కబురు. గాలి పీల్చినా వినపడే సెట్టు కావాలని బేరాలొచ్చేయి. బేరం కుదుర్చుకునేవాళ్ళు “ఇద్దరూ వస్తారా అండీ?” అని ముందే అడిగేవారు. అమ్మిరాజు వీసా పట్టుకుని వస్తే, నూకరాజు కాగితం కూడా ముట్టుకోకుండా, “అది కూడా వస్తే గానీ నేను కదలకూడదండి” అన్నాడు. “వాడితోనా! చస్తే రాను” అంది గోడవతల నుంచి పోలమ్మ. అమ్మిరాజు పాస్‌పోర్టు తిరిగిచ్చేసి వెళ్ళిపోయేడు.

కొత్త సెట్టు కడితే ఇంట్లోనే పరీక్ష చెయ్యాలి గదా. అందుకని గోడలో కొన్ని ఇటికలు తీయించి, ఆ కంతలోంచి కూర్చోడానికి ఒక పొడుగు బల్ల దూర్చేరు. సగం అటు, సగం ఇటు. ఆమె అటు తిరిగి కూర్చుని కోడిని తిడుతుంది, అతను ఇటు తిరిగి ఐరన్‌ని తిడతాడు. కోడి మాత్రం కంతలోంచి ఎటు కావాలంటే అటు పోతుంది.

ఒక కార్తీకమాసం ఉదయం నూకరాజు వాల్వుల కోసం అమలాపురం వెళ్ళేడు. పోలమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. కొండయ్య టీ పోసి గ్లాసు బల్ల మీద పెట్టేడు. పెట్టి, అలాగే చూస్తూ ఉండిపోయేడు. టీ కదలలేదు. తమ్ముడు పక్కన లేకపోతే ఈపాటికి ఆమె మోతకి గ్లాసు బల్ల మీద నడవాలి. మీగడ తరక కూడా కదలలేదు.

పొద్దెక్కేక నూకరాజు బస్సు దిగి ఒక్కడే నడిచొచ్చేడు. గ్లాసు అప్పుడూ కదలలేదు. అతను సంచి కింద పెట్టి, బల్ల మీద ఇటు తిరిగి కూర్చున్నాడు. ఆమె చేట పక్కన పెట్టి అటు తిరిగి కూర్చుంది.

“కదలకు” అంది.

“నువ్వు కదలకు” అన్నాడు.

కొండయ్య రెండు టీలు పోసి, ఒకటి గోడకి అటూ ఒకటి ఇటూ అందించేడు. ఆ గ్లాసుల సంగతి ఎవరితోనూ అనలేదు.