మూలిగే అచ్చు

షుగరొచ్చి పాదాలు మొద్దుబారినవాళ్ళకి మెత్తటి బూట్లు కుట్టే బూట్లక్క, దుకాణం తియ్యగానే ముందు అలమరలోని ప్లాస్టరు పాదాల్ని, అంటే కొలతకోసం తీసిన అచ్చుల్ని, పలకరిస్తుంది. మొద్దుబారిన కాలికి తెలియని నొప్పి దాని అచ్చుకి తెలుస్తుంది మరి. ఎక్కడో బూటు ఒరుసుకుంటే ఇక్కడ అచ్చు మూలుగుతుంది, ఆవిడ ఫోన్ చేసి రమ్మంటుంది. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. పక్కకొట్టు టైలరైతే రేడియో గొంతు కాస్త పెంచుకుంటాడు.

ఆ మంగళవారం, రిటైరైన పోస్టుమాన్ కుడికాలి అచ్చు లబోదిబోమంది. బూట్లిచ్చి మూడు రోజులే అయింది. బూట్లక్క వెంటనే ఫోన్ అందుకుంది. ఆయన బొటనవేలికి అప్పటికే ఒకసారి పుండుపడి మానింది. మళ్ళీ పడితే వేలు తీసెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పి ఉన్నాడు.

కబురందుకుని ఆయన దర్జాగా వచ్చాడు, వెనకాలే భార్య. నొప్పా గిప్పా, పూలమీద నడుస్తున్నట్టుందన్నాడు. మేకు దిగినా ఆయన అదే మాటంటాడని బూట్లక్కకి తెలుసు. మేజోడు విప్పిస్తే బొటనవేలి కొస ఎర్రగా కంది ఉంది. అదృష్టం, చర్మం ఇంకా చిట్లలేదు.

తన కుట్టులో తప్పెక్కడుందా అని తల బద్దలుకొట్టుకుంటూ అచ్చుని కిందికి దించింది. పోయినవారం తీసినప్పుడు ముడుచుకుని ఉన్న దాని వేళ్ళు ఇప్పుడు బార్లా చాపుకుని ఉన్నాయి.

"అచ్చు తీసేటప్పుడు వేళ్ళు ముడిచారు కదూ, బాబాయిగారూ?"

ఆయన నేలచూపులు చూశాడు. "లేకపోతే బూట్లు పడవల్లా ఉంటాయి కదమ్మా. ముప్పయ్యేళ్ళు నీటుగా తిరిగినవాణ్ణి."

"మీ సోకు మండ," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

రెండోసారి అచ్చు తీస్తున్నంతసేపూ ఆవిడ ఆయన వేళ్ళకి కాపలా కూర్చుంది. కొత్త బూట్లు నిజంగానే పడవల్లా వచ్చాయి. వేలు దక్కింది.

బూట్లు పట్టుకెళ్ళేరోజు ఆవిడ గుమ్మంలో ఆగింది. "ఆ కొత్త అచ్చు నాకివ్వమ్మా. మూలిగితే నేనే ఫోన్ చేస్తాను. నలభయ్యేళ్ళ కాపురంలో ఈయన ఎక్కడ నొప్పో ఒక్కసారీ నోరువిప్పి చెప్పలేదు."

బూట్లక్క దాన్ని తువ్వాలులో చుట్టిచ్చింది.

మర్నాడు ఆవిడే ఫోన్ చేసి సంగతి చెప్పింది. ముందురోజు సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ కిటికీలు తుడుస్తున్నాడట. వంటింటి అరమీద అచ్చు మొహమాటంగా, నించుని నించుని అలిసిపోయానందట. ఆవిడ ఏమీ అడక్కుండా కుర్చీ తెచ్చి ఆయన వెనకాల వేసిందట.

"కూర్చున్నారా?" అంది బూట్లక్క.

"కూర్చున్నారు. నన్నూ పక్కన కూర్చోమన్నారు."