గుమ్మడికాయ తాడు

గురునాథం ఇంటి గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయను అమావాస్యకు తప్ప మరో రోజు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అరిష్టమని శాస్త్రంలో ఉందో లేదో తెలీదు గానీ గురునాథం నోట్లో మాత్రం ఉంది. ఒకసారి బూజు దులుపుతుంటే చీపురు కాయకు తగిలిందని భార్య కోటేశ్వరమ్మను పొద్దున మొదలుపెట్టి అన్నాల వేళ దాకా తిట్టాడు. ఆ తిట్లు గోడకు ఇవతల ఉన్న సింధూజకు కూడా కంఠతా వచ్చేశాయి.

సింధూజ గురునాథం అన్న కూతురు. ఆ అన్న పోయాక, నరసరావుపేట బజారులో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న హార్డ్‌వేర్ కొట్టు తమ్ముడి చేతిలోకి పోయింది. ఇంటిని మాత్రం మధ్యన గోడ కట్టి రెండు వాటాలు చేశారు. గేటు ఒక్కటే. ఆ గేటు దగ్గర ఎదురుపడినప్పుడల్లా బాబాయి కాండ్రించి ఉమ్మేవాడు. సింధూజ ఆయన వంక చూసి మరీ గేటు ధడేలుమని వేసేది. రెండు వాటాల్లోనూ మంచిమాట పుట్టి చాలాకాలమైంది.

సింధూజ ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. ఎయిర్ రైఫిల్ పోటీలకు వెళ్తుంది. ఆ ఆదివారం గుంటూరు దగ్గర జరగబోయే పోటీలో గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. అందుకోసం రెండేళ్ళుగా ఆమె పండగలూ పెళ్ళిళ్ళూ అన్నీ మానుకుంది. తీరా నాలుగు రోజుల ముందు రైఫిల్ మీది దుర్బిణి బిగింపు వదులై పక్కకు తిరిగింది.

దుర్బిణిలో ఒక నిలువుగీత, ఒక అడ్డగీత ఉంటాయి. రైఫిల్ నిటారుగా ఉన్నప్పుడు ఆ నిలువుగీత కూడా నిటారుగా ఉండాలి. కొంచెం వాలిందా, దగ్గర గురి బాగానే తగులుతుంది, దూరం పెరిగేకొద్దీ గుండు పక్కకు పోతుంది. దాన్ని సరిచేయడానికి రెండు చిన్న రసమట్టాలు కావాలి, మేస్త్రీలు గోడ మీద పెట్టి చూసే బుడగ గొట్టాల్లాంటివే. ఒకటి రైఫిల్ మీద, ఒకటి దుర్బిణి నెత్తిన. ఇంకా నమ్మకం కావాలంటే దూరంగా ఒక తాడుకు బరువు వేలాడగట్టి, నిలువుగీతను ఆ తాడుతో కలిపి చూసుకోవాలి.

ఆ తాడు దగ్గరే వచ్చింది గొడవ. సింధూజ గదికి దూరం కనిపించేది ఒక్క వైపే. గోడ నిటారు చూడ్డానికి నాన్న వాడిన ఇత్తడి తూకం గుండును ఆమె ఉమ్మడి గేటు కమానుకు వేలాడదీసింది. గురునాథం దాన్ని తెంపి మురిక్కాలవలో పడేశాడు. సింధూజ కాలవలో చెయ్యి పెట్టి గుండు వెతికి తీసుకుంది, కడిగింది, ఏడ్చింది. తర్వాత కిటికీలోంచి చూస్తే గోడ మీదుగా బాబాయి గుమ్మం, ఆ గుమ్మానికి బరువైన గుమ్మడికాయ, నిటారుగా తాడు. దేవుడిచ్చిన తూకం గుండు!

గురువారం సాయంత్రం ఆమె రైఫిల్‌ను బల్లకు బిగించి చూస్తుండగా గురునాథం గోడవతల నుంచి కేకలేశాడు.

"ఏమే! నా గుమ్మానికే తుపాకి ఎక్కుపెడతన్నావా? స్టేషన్‌కి ఈడ్పిస్తా ఏమనుకున్నావో!"

"ఇందులో గుండు లేదు బాబాయ్. నీ తాడుతో గీత సరిచూసుకుంటున్నా. నాన్న తూకం గుండు కాలవలో ఏశావుగా!"

"నా తాడు చూట్టానికి నువ్వెవతివే?"

"చూపుకి కూడా వాటాలు ఏస్తావా? నీ చేతనైతే ఆ కాయని కూడా తెంపి పారెయ్! అమావాస్య దాకా ముట్టుకోలేవుగా!"

గురునాథం నోరు మూసుకుని లోపలికి పోయాడు. తగువులో ఆయన నోరు మూసుకోవడం ఎవరూ ఎరగరు. దాన్ని చూసి సింధూజ భయపడాల్సింది. గెలిచానని మురిసిపోయింది.

మర్నాడు వెలుతురు రాగానే పని ముగించింది. రైఫిల్ మీది బుడగ నడిమధ్యన నిలిచింది. దుర్బిణిని తిప్పి నిలువుగీతను తాడు మీద కూర్చోబెట్టింది. అప్పుడు దుర్బిణి నెత్తిన పెట్టిన బుడగ కాస్త ఎడంగా జరిగి కనిపించింది. సింధూజ దాన్ని తీసి విదిలించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. ఆన్‌లైన్‌లో కొన్న చవక సరుకు, దాని మొహం, అనుకుంది. గాజుగొట్టం అబద్ధమాడుతుందేమో గానీ వేలాడే బరువు ఆడదు. పైగా ఆ కాయను ముట్టుకునే మగాడు ఆ ఇంట్లో లేడు. మరలు గట్టిగా బిగించేసింది. స్కూలు గ్రౌండులో ఇరవై మీటర్ల దూరానికి గురి సరిచేసుకుంటే ప్రతి గుండూ చెప్పినచోట తగిలింది.

పోటీలో గుండు తగిలితే పడిపోయే రేకు గురులు దగ్గరవీ దూరానివీ కలిపి పెడతారు. ఇరవై మీటర్లవి టపటపా పడ్డాయి. నలభై మీటర్లవి ఒక్కటీ పడలేదు. గాలి ఆకును కూడా కదపడం లేదు. ఆమె ఊపిరి బిగబట్టి కాల్చిన ప్రతిసారీ గుండు ఒకే పక్కకు పోయింది. జట్టులో చోటు ఇంకొకరికి పోయింది.

కోచ్ అబ్దుల్ మజీద్ రైఫిల్ తీసుకుని తన రసమట్టాలు పెట్టి చూశాడు.

"దుర్బిణి వాలిందమ్మా. దేన్ని చూసి నిలబెట్టావు?"

"గుమ్మడికాయ తాడు చూసి సార్. బరువు కాయ."

"తాడు దానంతటది వాలదు. ఎవరో ఒకరు లాగితే తప్ప."

సింధూజ ఆ సాయంత్రమే బస్సెక్కి నరసరావుపేట వచ్చింది. ఇంటికి రాగానే దుర్బిణిని ఊడదీసి, బాబాయి గుమ్మాన్ని దగ్గరకు లాగి చూసింది. కాయ వెనక నుంచి స్తంభానికి సన్నటి నైలాన్ దారం, గాలానికి కట్టేది. కాయను బెత్తెడు పక్కకు లాగి పట్టుకుంది. గోడ దగ్గర నిలబడి అరవబోయి ఆగింది. తెల్లారితే అమావాస్య.

పొద్దున్నే కోటేశ్వరమ్మ తలస్నానం చేసి, కొత్త గుమ్మడికాయకు పసుపు పూసి, స్టూలెక్కింది. పాత కాయను దించబోతే అది రాలేదు. వెనక్కి చెయ్యి పెట్టి తడిమి, దారం పట్టుకుంది.

"ఏవండీ! ఇదేంది? కాయని ఎవురు ముట్టుకున్నారు?"

గురునాథం పేపరు దించలేదు. "గాలికి ఊగుతుందని కట్టాన్లే. చానా చూశావు గానీ కానియ్."

"గాలి ఎక్కడుంది పిన్నీ?" గోడ మీదుగా సింధూజ అంది. "ఆ తాడు చూసే నా దుర్బిణి నిలబెట్టుకున్నా. అది తెలిసి గురువారం రాత్రి కట్టాడు. రెండేళ్ళ నా కష్టం నిన్న బుగ్గయింది."

"ముయ్యవే నోరు!" గురునాథం లేచాడు.

కోటేశ్వరమ్మ మొగుడి మొహం చూసింది. అబద్ధమని ఆ మొహం ఒక్కసారి కూడా అనలేదు. చీపురు తగిలిన పాపానికి తాను పడ్డ మాటలన్నీ ఆమెకు అప్పుడు గుర్తొచ్చాయి. స్టూలు దిగి, పసుపు పూసిన కొత్త కాయను ఎత్తి గోడవారగా పెట్టేసింది.

"కట్టవేందే?"

"ఎందుకండీ? దిష్టి కళ్ళు గడప లోపలే ఉంటే, గుమ్మానికి కాయ ఎందుకు?" అని, మళ్ళీ గోడ వైపు తిరిగింది. "సింధూ! మీ నాన్న తూకం గుండు పట్టుకురా. ఈ కొక్కేనికి కట్టుకో. ఎవురు ముట్టుకుంటారో నేనూ చూస్తా."

సింధూజకు థాంక్స్ చెప్పాలనిపించలేదు. పోయింది పోయిందే. వచ్చే ఏడు మళ్ళీ మొదట్నుంచీ. అయినా ఇత్తడి గుండు తెచ్చి, ఆ ఇంటి గడప ఎక్కి, బాబాయి చూస్తుండగానే తాడు ముడేసింది. పొడవైన తాడే వేసింది. గుండు సరిగ్గా గురునాథం ముక్కు ఎత్తున ఆగింది.

ఆ రోజు నుంచి కొట్టుకు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆయన ఆ గుండు తగలకుండా తల వంచుకునే గడప దాటుతున్నాడు.